లంకలో మొదటి తాళం

మొన్న మంగళవారం పలుపు కొందామని కొవ్వూరు బజారుకి వెళ్ళాను. ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఒక్క ఆవు, దాని మెడలో పలుపు చివికిపోయి ఇవాళో రేపో తెగేలా ఉంది. నలభై ఏళ్ళుగా నేనెరిగిన కొట్టే అది, తండ్రి పోయాక కొడుకు కూర్చుంటున్నాడు, మర్యాద తెలిసినవాడు. పలుపులు ఇప్పుడెవరు అడుగుతున్నారండీ బాబాయ్‌గారూ అంటూ లోపల్నుంచి ఒక గొలుసు తెచ్చి బల్ల మీద పరిచాడు, తళతళలాడుతూ, చివర తాళంకప్పతో సహా. ఎంత బలమైన పశువైనా తెంపలేదట, దొంగవెధవ ఎవడూ విప్పలేడట, నీళ్ళలో నానినా తుప్పు పట్టదట. అతను చెప్పుకుపోతున్నాడు గానీ నాకు ఒళ్ళంతా చెమటలు పోసేశాయి. గబగబా స్టూలు వేసి మంచినీళ్ళిచ్చాడు పాపం, షుగరేమో అనుకున్నాడు. నా రోగం షుగరు కాదు నాయనా అని చెబుదామంటే వినడానికి అతని వయసు చాలదు. మీది నా ఈడు గనుక మీకు చెబుతున్నాను.

గోదావరి వాడినని తెలిస్తే చాలు, ఎవరైనా పులస గురించి చెప్పమంటారు, లేకపోతే పూతరేకుల గురించి చెప్పమంటారు. మా ఇంట్లో పులస వండిన రోజులు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాది పాడి ఇల్లు. ఊరు ఏటిగట్టుకి ఇవతల, పశువులు ఏటి మధ్య లంకలో. తెల్లారగట్ల పడవెక్కి లంకకి వెళ్ళడం, పాలు పితికి బిందెల్లో పోసుకుని రేవుకి రావడం, మళ్ళీ వెళ్ళి పేడ తీసి గడ్డి కొయ్యడం, ఇదే మా నాన్న బతుకు, తర్వాత నాదీ, మా తమ్ముడిదీ. లంకలో పశువుల మేతకి పిల్లిపెసరా జనుమూ చల్లితే మోకాలెత్తు లేచేవి, ఒండ్రుమట్టి కదా, అడిగిందల్లా ఇచ్చేది. గేదె ఈనితే జున్నుపాలు ముందు ఇంట్లోకి కాదు, వరసగా పక్క పాకల వాళ్ళకి వెళ్ళేవి. అందరికీ పంచాక చెంబు అడుగున ఏదైనా మిగిలితే మాకు, లేకపోతే లేదు. చిన్నప్పుడు దాని మీద నేను అలిగితే, మనకీ పక్కవాళ్ళింటి నుంచి వస్తుంది కదరా అని మా అమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చేది.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది, అది ఇప్పుడు చెబితే కథలు చెబుతున్నాననుకుంటారు. ఆషాఢం వచ్చి ఏట్లో ఎర్రనీరు కనబడిన నాటి నుంచి వినాయకచవితి వెళ్ళేదాకా అక్కడ ఏ పశువునీ గట్టిముడి వేసి కట్టకూడదు. జారుముడి వెయ్యాలి, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడి చేతిలోకి రావాలి. దాన్ని మావాళ్ళు వరదముడి అనేవారు. కొత్తకోడలు కాపురానికి వస్తే వారం తిరక్కుండా మా నాన్న మంచంకోడుకి తాడు కట్టి ఆ ముడి వేయించి చూసేవాడు, వంట వచ్చునో రాదో తర్వాత సంగతి. మా ఆవిడ రెండోసారికే వేసేసింది. నేను మాత్రం చెవులు మెలిపెట్టించుకుని నేర్చుకున్నవాణ్ణి, ఆ సంగతి మా నాన్న కోడలి ముందు చెప్పి మరీ నవ్వేవాడు.

ముడి ఒక్కటే కాదు, దాని వెనక మరో మాట ఉంది. వరద వస్తోందని టముకు పడ్డాక లంకలో నీదీ నాదీ అనేది లేదు. ముందు చేరినవాడు రేవు దగ్గరి పాకతో మొదలుపెట్టి వరసగా అందరి పశువుల్నీ విప్పుకుంటూ పోవాలి, తన పాక ఆఖర్న ఉన్నా సరే, విప్పేది పగవాడి గేదైనా సరే. విప్పితే చాలు, గేదె ఈదుతుంది, ఒడ్డు అదే వెతుక్కుంటుంది. నీళ్ళు తీశాక దిగువ ఊళ్ళ నుంచి కబుర్లొచ్చేవి, ఫలానా కొమ్ముల గేదె మా దొడ్లో ఉంది, వచ్చి తోలుకెళ్ళండని, అన్నాళ్ళూ వాళ్ళే తవుడు పెట్టి మేపేవారు. నాకు ఊహ తెలిశాక అలాంటి వరదలు మూడు చూశాను. మా పశువుల్ని ఎవరు విప్పారో కూడా తెలియని ఏళ్ళున్నాయి. ఎవరో ఒకరు విప్పేవారు, అంతే.

నాన్న పోయాక నేనూ తమ్ముడూ వేరుపడ్డాం. ఇల్లూ పొలమూ పేచీ లేకుండానే తెగిపోయాయి. పేచీ అల్లా చుక్కగేదె దగ్గర వచ్చింది. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న ఆ గేదెని ఈనిన నాడే తల్లి చచ్చిపోతే మా తమ్ముడు ఉగ్గుగిన్నెతో పాలు పోసి పెంచాడు, తన గ్లాసులో పాలు దానికి పోసి తను మజ్జిగతో సరిపెట్టుకునేవాడు. వాడు ఏట్లో దిగితే వెనకే దిగేది, మిగిలినవన్నీ దాని వెనక నడిచేవి. చీట్లు వేసుకుంటే అది నా వాటాకి వచ్చింది. కావాలంటే రెండు పాడిగేదెలు తీసుకో అన్నయ్యా, దాన్ని నాకు వదిలెయ్యి అని వాడు బతిమాలాడు. మా ఆవిడ కూడా ఇచ్చెయ్యండీ అంది. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని ఇన్నాళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, పెద్దవాణ్ణన్న పొగరు తప్ప మరో జవాబు తోచలేదు. పాలు కూడా ఎక్కువ ఇచ్చేది కాదు ఆ మహాతల్లి.

పశువుకి మన చీట్లు తెలియవు కదా. ఓ సాయంత్రం మేత నుంచి వస్తూ అది నేరుగా తమ్ముడి పాకలోకి పోయింది. నేను వెళ్ళేసరికి వాడి గాడి దగ్గర నిలబడి చిట్టు తింటోంది, మా వాడు దాని వీపు రుద్దుతున్నాడు. అదే వచ్చిందన్నయ్యా అన్నాడు. అదే వచ్చిందని నాకూ తెలుసు. తెలిసి కూడా మర్నాడు రేవులో, పాలబిందెలతో పదిమంది నిలబడ్డ చోట, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు అని గట్టిగా అన్నాను. వాడు పడవలో ఉన్నాడు, విన్నాడు. గెడ దించి పడవ తోసుకుపోయాడు, తిరిగి చూడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

అన్న మాట వెనక్కి తీసుకోవడం మాని, దాన్ని నిజం చెయ్యడానికి నేను రాజమండ్రి వెళ్ళి తొమ్మిది గొలుసులూ తొమ్మిది తాళాలూ కొనుక్కొచ్చాను. పాకలో తాటిగుంజలకి గొలుసులు చుట్టి, తొమ్మిది గేదెలకీ తాళాలు వేశాను. తాళంచెవులన్నీ గుత్తిగా మొలతాడుకి కట్టుకున్నాను. ఎటు నడిచినా అవి గలగలమనేవి, అదేదో హోదా అనుకునేవాణ్ణి. లంకలో ఎవరూ నన్నేమీ అనలేదు. ఒక ముసలాయన మాత్రం, మా నాన్న స్నేహితుడు, పశువుకి ఇనుము కడితే అరిష్టంరా అన్నాడు. కాలం మారింది లెండి అన్నాను.

మా ఆవిడ సంగతి చెప్పాలి. అత్తగారింటికి వచ్చేనాటికి మా తమ్ముడికింకా మీసాలు రాలేదు, తర్వాత వాడి పెళ్ళికి పందిట్లో తల్లి స్థానంలో కూర్చుంది ఆవిడే. తాళాలు చూసిన రోజు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుని, ఆషాఢం వచ్చేస్తోంది, ఒక్కో తాళానికీ రెండేసి చెవులిచ్చి ఉంటారు కదా, ఒక గుత్తి ఇంట్లో పెట్టండి అంది. ఇవ్వలేదు. ఆడవాళ్ళకెందుకు అన్నాను పైకి. లోపల అనుకున్నది వేరు. ఆవిడ చేతికిస్తే మరిది చేతికిచ్చినట్టేనని. రెండో గుత్తి కూడా నా మొలతాడుకే చేరింది. కట్టుకున్నదాన్ని కూడా అనుమానించానని రాయడానికి ఈ వయసులో సిగ్గుగా ఉంది గానీ, రాయకపోతే మిగిలినదంతా అబద్ధమైపోతుంది.

ఆషాఢంలో పెద్దాపురంలో మరిడమ్మ జాతర. మా అక్కగారి అత్తిల్లు అక్కడే, ఏటా రమ్మంటుంది. ఆ ఏడు పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను, చిన్నది జ్వరంతో ఉందని మా ఆవిడ ఆగిపోయింది. రెండ్రోజులేగా, మేతకి విప్పకపోతే ఏం, గడ్డి కోసి గాడిలో వెయ్యి అని చెప్పి, గుత్తులు రెండూ మొలనే ఉంచుకుని బస్సెక్కాను. ఏట్లో అప్పటికే ఎర్రనీరు తగిలింది. నేను చూశాను. చూసే వెళ్ళాను.

జాతర బాగా జరిగింది. రెండో రోజు పొద్దున్నే బావగారు రేడియో పెట్టారు, భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరిగిపోతోందనీ, ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేశారనీ, లంకల్లో వాళ్ళు ఖాళీ చెయ్యాలనీ వార్తల్లో చెప్పారు. చేతిలో పెసరట్టు ముక్క అలాగే ఉండిపోయింది. అమ్మాయిని అక్క దగ్గర వదిలేసి పరుగెత్తాను. రాజమండ్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొలలో గుత్తులు పట్టుకున్నాను, దారి పొడుగునా వదల్లేదు. వంతెన మీద బస్సు నడుస్తుంటే కింద గోదావరి ఎర్రగా, ఒడ్డుకీ ఒడ్డుకీ పొర్లుతోంది. పక్కనున్నాయన ఎంత బాగుందో చూడండి అన్నాడు. ఆయన్ని కొట్టబోయాను నిజంగా.

అక్కడ లంకలో ఏం జరిగిందో మా ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారే చెప్పింది. టముకు పడగానే తమ్ముడు పడవ తీశాడు. ఆవిడ చిన్నమ్మాయిని తోడికోడలికి అప్పగించి, తనూ ఎక్కింది. వాళ్ళే ముందు చేరారు. రేవు దగ్గరి పాక నాది. వాడి పాక దాని తర్వాత నాలుగోది. అప్పటికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నువ్వెళ్ళి మిగిలిన పాకల్లోవి విప్పు వదినా, ఇవి నేను చూస్తాను అన్నాడట. ఆవిడ నీళ్ళలో పడుతూ లేస్తూ పోయి ఆ పాకల్లో పశువులన్నిటినీ, వాడి ఏడింటితో సహా, విప్పేసింది. ఒక్కోదానికి ఒక్క లాగు. పట్టుమని పావుగంట పట్టలేదట. తిరిగి వచ్చేసరికి వాడు నా పాకలో నడుములోతు నీళ్ళలో గునపం పట్టుకుని తాళాలతో కుస్తీ పడుతున్నాడు.

తాళంకప్పలు బద్దలుకాకపోతే గుంజలు పెకలించడం మొదలుపెట్టాడు. తాటిగుంజలు, మా నాన్న పాతినవి, మనిషిలోతు దిగినవి. ఒకటి ఊడింది, రెండోది ఊడింది. మూడోది ఊడేటప్పుడు గేదె బెదిరి గుంజింది, గుంజకీ గొలుసుకీ మధ్య వాడి కుడిచెయ్యి నలిగిపోయింది. అరిచాడు గానీ ఆగలేదు. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. గేదెలన్నీ మోరలెత్తి అరుస్తున్నాయి, ఒక్క చుక్కగేదె తప్ప. అది వాణ్ణి చూసి స్థిమితంగా నిలబడింది. పెంచినవాడు వచ్చాడు కదా, ఇంక దానికి భయమేముంది. అది నెమ్మదిగా ఉంది కదా అని వాడు బెదిరినవాటి దగ్గరికే ముందు వెళ్ళాడు. దాని వంతు రాలేదు. ఒంటిచేత్తో గునపం లేవడంలేదు, పాక కప్పు ఒరిగిపోతోంది, మా ఆవిడ వాణ్ణి జబ్బ పట్టుకుని పడవలోకి లాక్కొచ్చింది. లాక్కొస్తుంటే, దాన్నొక్కదాన్నీ వదినా, దాన్నొక్కదాన్నీ అని ఏడ్చాడట.

నేను గట్టు మీదికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. లంక లేదు. ఎర్రటి నీళ్ళ మీద పాకల కప్పులు రెండు మూడు కనబడుతున్నాయి, నాది వాటిలో లేదు. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. నన్ను చూసి తోవ ఇచ్చారు. పరుగెత్తుకొచ్చానేమో, మొలలో గుత్తులు గలగలమంటూనే ఉన్నాయి. మా ఆవిడ తడిచీరతో కూర్చుని వాడి చేతికి గుడ్డ చుడుతోంది, ఆ గుడ్డ అంతా రక్తం. నన్ను చూసి తల తిప్పుకుంది. నేనేం అడిగానో తెలుసా? ఎన్ని పోయాయి అని అడిగాను. చెయ్యి ఎలా ఉందిరా అని కాదు.

తమ్ముడు తలెత్తి చూశాడు. కోపంగా లేదు వాడి ముఖం, ఉంటే బాగుండేది.

"ఆ తాళాలు నా కోసమేనని తెలుసన్నయ్యా. అయినా ముందు నీ పాకకే వెళ్ళాను. ఆరు పోయాయి."

అంతే అన్నాడు. నీళ్ళు తీశాక వాడే, కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, దిగువ ఊళ్ళన్నీ తిరిగి బతికిన నా గేదెలు మూడింటినీ తోలుకొచ్చి ఇంటి ముందు వదిలాడు. మెడల్లో గొలుసులు అలాగే ఉన్నాయి. నేను తాళాలు తీస్తుంటే చూస్తూ నిలబడి, తన పాడిగేదె ఒకటి పిల్లలకి పాల కోసం ఉంచుకోమన్నాడు. అక్కర్లేదన్నాను. సిగ్గుతో అన్నాను, వాడికది పొగరుగా వినబడి ఉంటుంది. నా పొగరుకీ సిగ్గుకీ తేడా తెలిసేలా నేనెప్పుడైనా మాట్లాడానా?

రాజమండ్రి పెద్దాసుపత్రిలో చూపించారు, కుట్లేశారు. చెయ్యి నిలిచింది గానీ బొటనవేలూ రెండు వేళ్ళూ ముడుచుకోవడం మానేశాయి. పాలు పితకాలంటే పిడికిలి కావాలి. ఎడంచేత్తో నెలరోజులు ప్రయత్నించాడు, గేదెలు తన్నేవి, మరదలొక్కతీ ఏడింటికీ చాలలేకపోయింది. దీపావళి లోపే పశువుల్ని అమ్మేసి, ద్రాక్షారామంలో మామగారి ఊరికి వెళ్ళిపోయి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పాడి తప్ప మరోటి తెలియనివాడు పప్పూ చింతపండూ తూచుకుంటూ కూర్చున్నాడు, అదీ ఎడంచేత్తో. వెళ్ళే రోజు మా ఆవిడ వాళ్ళ సామాను బండి వెనక గట్టు మలుపు దాకా నడిచింది. నేను పనున్నట్టు లంకలో ఉన్నాను. ఏం పని? కూలిపోయిన పాకలో నిలబడ్డం ఒక పనా?

ఆవిడ నన్నెప్పుడూ సాధించలేదు. వేళకి అన్నం పెట్టింది, పిల్లల్ని పెంచింది, ఇద్దరికీ పెళ్ళిళ్ళు చేసింది. నా పాకలోకి మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు, నన్ను ఇది కావాలి అని ఏదీ అడగలేదు. చీర రంగు కూడా అడగలేదండీ ఇన్నేళ్ళలో. ఏది తెస్తే అది కట్టుకుంది. నలుగురూ చూసి ఎంత అణకువో అనేవారు.

ఇంకొకటి, దీన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది. నా పశువులు గొలుసుల్లో ఎలా పోయాయో ఊరంతా చూసింది కదా, చూసినవాడెవడైనా మళ్ళీ ఇనుము ముట్టుకుంటాడా అనుకుంటాం. మరుసటి వేసవికల్లా లంకలో రెండు పాకల్లో గొలుసులు వచ్చాయి. సొంత తమ్ముణ్ణే నమ్మలేకపోయాడంటే లోకం అలాగే ఉందిలే అనుకున్నారు. నా కష్టం చూసి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నా బుద్ధి చూసి మాత్రం నేర్చుకున్నారు. ఆ మరుసటేడు జున్ను పంపకం కూడా తగ్గింది. పక్కవాడి పాకలో అడుగుపెట్టాలంటే ముందు గట్టిగా దగ్గడం మొదలైంది.

తమ్ముణ్ణి తర్వాత చూడలేదని కాదు, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలుస్తూనే ఉన్నాం. వాడి కూతురి పెళ్ళికి ద్రాక్షారామం వెళ్ళినప్పుడు నన్ను తన పక్క విస్తరి ముందే కూర్చోబెట్టుకున్నాడు. వేళ్ళు ముడవలేడు గనుక ఎడంచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. పప్పన్నం మీద నెయ్యి నాకు రెండోసారి వెయ్యమని వడ్డించేవాళ్ళని కేకేసి, పాడి ఎలా ఉందన్నయ్యా అని అడిగాడు. మాట గొంతు దాకా వచ్చింది. వచ్చిందన్న సంగతి వాడికీ తెలిసింది, చెంచా పక్కన పెట్టి నా ముఖం చూస్తూ ఆగాడు కూడా. బానే ఉందిరా, పాలే పలచబడ్డాయి అన్నాను. వాడు నవ్వి మళ్ళీ చెంచా తీసుకున్నాడు.

పోయిన మాఘమాసంలో వాడు గుండెపోటుతో పోయాడు. చితి దగ్గర ఆ చెయ్యి పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు చూసి, ఎంత ప్రేమో అన్నదమ్ములంటే ఇలా ఉండాలి అన్నారెవరో. మా ఆవిడ అక్కడే ఉంది, వింది.

వరద ఇప్పటికీ వస్తుంది. ముందే ఫోన్లకి మెసేజీలొస్తాయి, మోటారు పడవలొస్తాయి, మనుషులెవరూ పోవడంలేదు, సంతోషమే. లంకలో ఇప్పుడు పశువులు తక్కువ, అరటితోటలెక్కువ, ఉన్న కాసిని పశువుల్నీ ఎవరివి వాళ్ళే తోలుకుపోతారు. ముందు చేరినవాడు పక్కపాక వైపు చూడడు, చూస్తే దొంగంటారని భయం. వరదముడి వెయ్యడం తెలిసినవాళ్ళు ఊరు మొత్తంలో ఇప్పుడు మా ఆవిడా నేనూ మరో ముసలమ్మా ఉన్నాం, నేర్పుతామన్నా నేర్చుకునేవాళ్ళు లేరు. వాళ్ళననడానికి నాకు నోరెక్కడిది. ఆ తప్పు నాదిరా అని ఒక్కమాట అనడానికి నాకు ముప్పై నాలుగేళ్ళు ఉన్నాయి, వాడు కూడా వింటానన్నట్టే ఉన్నాడు. కొవ్వూరు నుంచి ద్రాక్షారామానికి బస్సులో రెండు గంటలు. అంతే దూరం.